చిటికెన వేలు తేల్చిన సెక్షన్

మాది ఒడిశాలోని గజపతి జిల్లాలో ఆంధ్ర సరిహద్దును ఆనుకొని ఉన్న పల్లె. ఇంట్లో తెలుగు, బజార్లో రెండు భాషలూ, కాగితాల మీద ఒడియా. నిరుడు శ్రావణంలో పెరటి కాలువ దగ్గర మా నాన్నకూ పక్కింటాయనకూ మాటా మాటా పెరిగింది. ఆయన వరసకు నాకు చిన్నాన్న. వాళ్ల వాన నీళ్లు మా పెరట్లోకి రాకుండా నాన్న మట్టి అడ్డం వేస్తుంటే, వచ్చి పార లాక్కుంటూ చెయ్యి మెలిపెట్టి రెండు దెబ్బలు వేశాడు.

ఫిర్యాదు తెలుగులో రాసుకొని ఠాణాకు వెళ్లాను. ఒడియా గడగడా మాట్లాడతాను గానీ, రాయమంటే గుణింతాల దగ్గరే చెమటలు పడతాయి. అక్కడి ఉద్యోగి నా చేత చదివించుకొని తనే ఒడియాలో రాసుకున్నారు. స్టేషన్ డైరీలో ఎక్కించామనీ, గాయం చూపించడానికి ఆసుపత్రికి చీటీ ఇస్తామనీ, దీనికి ఎఫ్‌ఐఆర్ ఉండదనీ, కావాలంటే మేజిస్ట్రేటు దగ్గరికి వెళ్లమనీ చెప్పారు. చిన్నాన్నకు పలుకుబడి ఉంది కాబట్టే ఇలా తప్పించుకుంటున్నారని దారి పొడవునా తిట్టుకున్నాను.

మర్నాడు పర్లాకిమిడిలో తెలిసిన వకీలు దగ్గర ఆ తిట్లన్నీ మళ్లీ వినిపించాను. ఆయన ఏమీ అనకుండా భారతీయ నాగరిక్ సురక్షా సంహిత తీసి చివరి పేజీలు తెరిచారు. 2024 జులై 1 నుంచి పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ స్థానంలో వచ్చినది ఇదే. చివర మొదటి షెడ్యూలు అని పెద్ద పట్టిక ఉంది. ఒక్కో నేరానికీ ఒక్కో వరుస, ఆరేసి గడులు: సెక్షన్, నేరం, శిక్ష, కాగ్నిజబులా కాదా, బెయిలబులా కాదా, ఏ కోర్టు విచారించాలి.

ఆయన వేలు 115(2) మీద ఆగింది. అది నేరాలూ శిక్షలూ చెప్పే భారతీయ న్యాయ సంహితలోని సెక్షన్. కొట్టి గాయపరచడం. ఏడాది వరకు జైలు, లేదా పది వేల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. నాలుగో గడిలో నాన్‌కాగ్నిజబుల్. అంటే మేజిస్ట్రేటు ఉత్తర్వు లేనిదే పోలీసులు దర్యాప్తు చేయకూడదు, వారెంటు లేకుండా అరెస్టు చేయకూడదు. సమాచారం పుస్తకంలో రాసుకొని, వచ్చినవాళ్లను మేజిస్ట్రేటు దగ్గరికి పంపమని సురక్షా సంహిత 174వ సెక్షనే చెబుతోంది. అక్షరాలా అదే చేసినవాళ్లను నేను ఊరంతా వినేలా తిట్టాను. ఐదు వేల రూపాయల లోపు దొంగతనాన్ని కూడా ఇప్పుడు ఈ గడిలోకే చేర్చారట. కోళ్లు పోగొట్టుకునేవాళ్లు గమనించాలి.

తర్వాతి వరుసకు దిగి 117(2) చూపించారు. తీవ్ర గాయం, ఏడేళ్ల వరకు జైలు, కాగ్నిజబుల్. ఏది తీవ్ర గాయమో న్యాయ సంహిత 116వ సెక్షన్ ఎనిమిది రకాలుగా చెబుతుంది. ఏడోది ఎముక గానీ పన్ను గానీ విరగడం, లేదా తొలగడం.

"మీ నాన్నగారికి ఎక్స్‌రే తీయించారా?" అని అడిగారు.

తీయించలేదు. బెణికిందనుకొని చింతాకు కట్టు కట్టి ఊరుకున్నాం. ఆ సాయంత్రమే తీయించాం. డాక్టరు ఫిల్మును కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టారు. చిటికెన వేలి ఎముక మీద వెంట్రుకంత సన్నని గీత. నాన్న దగ్గరికి వెళ్లి చూసి, "ఇంతేనా?" అన్నారు.

ఆ ఇంతే చాలింది. రిపోర్టు తీసుకెళ్తే అదే ఉద్యోగి, అదే కుర్చీలో కూర్చుని ఎఫ్‌ఐఆర్ కట్టారు. 115(2) కూడా అందులోనే చేరింది, ఎందుకంటే ఒక్క నేరమైనా కాగ్నిజబుల్ అయితే మొత్తం కేసునూ అలాగే చూడాలి. నకలు ఉచితంగా ఇచ్చారు. అది చట్టమే ఇచ్చిన హక్కు. చివరికి "కాణి ఆంగుఠి" (చిటికెన వేలు) అని ఒడియాలో అంటూ నాన్న వేలు వైపు చూపించి నవ్వారు.

అసలు గొడవ మా ఇంట్లో మొదలైంది. చిన్నాన్నను పిలిపించారు, ఆయన జామీను కాగితాల మీద సంతకం పెట్టి చీకటి పడేలోపు ఇంటికి వచ్చేశారు. అమ్మ గుమ్మంలో నిలబడి, "వేలు విరిచినవాడు అరుగు మీద కూర్చుని టీ తాగుతున్నాడు. ఇదేం కేసురా?" అంది. ఎఫ్‌ఐఆర్ అయితే జైలేనని మా ఊళ్లో అందరి లెక్క. నాదీ అదే. ఐదో గడిని నేను సరిగా చూడలేదు. 117(2) కాగ్నిజబులే, కానీ బెయిలబుల్. పోలీసులు తమంతట తాము దర్యాప్తు చేయవచ్చా అన్నది ఒక ప్రశ్న, బెయిలు హక్కుగా వస్తుందా అన్నది వేరే ప్రశ్న. అమ్మకు ఇది మూడుసార్లు చెప్పాను. నాలుగోసారి వంటింట్లోకి వెళ్లిపోయింది.

ఇప్పుడు నాన్నే రాజీ పడదామంటున్నారు. ఉత్త 115(2) అయి ఉంటే దెబ్బ తిన్నవాడి ఇష్టంతోనే సరిపోయేది. 117(2) కాబట్టి కోర్టు అనుమతి కావాలి. అర్జీ వేశాం, వచ్చే వాయిదాకు ఇద్దరూ ఒకే బస్సులో వెళ్లాలి. కాలువ నీళ్లు మాత్రం ఇంకా మా పెరట్లోకే వస్తున్నాయి. వకీలును అడిగితే అది సివిల్ వ్యవహారం, ఆ పట్టికలో ఉండదన్నారు.