తాళంచెవి తిరిగిచ్చేశా

"ఇంకా పాలు కూడా పొంగియ్యలేదు, అప్పుడే వద్దంటావేంది బిడ్డా?" అన్నది ఓనర్ ఆంటీ. ఏం చెప్పాలో తెలియక తాళంచెవి టీపాయ్ మీద పెట్టి నిలబడ్డాను.

నల్లగొండ రామగిరిలో మూడో అంతస్తు, లిఫ్ట్ లేదు. సంతకం పెట్టిన రోజు అదో లెక్కే అనిపించలేదు. నిన్న అమ్మను తీసుకెళ్తే పదో మెట్టు మీదే మోకాలు పట్టుకుని కూర్చుంది. "ఇల్లు మంచిగుందిరా" అన్నది, ఇల్లు చూడకుండానే.

100 రూపాయల స్టాంప్ పేపర్, 11 నెలల అగ్రిమెంట్, రెండు నెలల అడ్వాన్స్. ఖాళీ చేయాలంటే నెల ముందు చెప్పాలని అందులోనే ఉంది. చదవకుండా సంతకం పెట్టింది నేనే (మనం ఎప్పుడు చదివాం గనక!). ఒక నెల అద్దె పట్టుకుని మిగతాది అక్కడే ఫోన్‌పే చేసింది ఆంటీ. న్యాయమే.

బయటికొస్తుంటే చూశా, మా కోసం గడపకు పసుపు రాసి పెట్టింది. తొక్కకుండా దాటి వచ్చేశా.