నాన్నకి పార్కిన్సన్స్ టెస్టులు, నా అనుభవం

నాన్నకి పార్కిన్సన్స్ (కదలికలు నెమ్మదించే మెదడు జబ్బు) అని తెలిసి నాలుగేళ్లు. ఈ మధ్య నడకతో పాటు మాటలు కూడా మర్చిపోతున్నారని చెప్తే డాక్టర్ గారు కదలికలు, ఆలోచన రెండూ పరీక్ష చేద్దాం అన్నారు. నేను ఏదో స్కాన్ అనుకున్నా, కాదు, ఎదురుగా కూర్చోబెట్టి చేయించి చూసి మార్కులు వేస్తారు.

ముందు రోజు రాత్రి నుంచి లెవోడోపా (ఈ జబ్బుకి వేసే మందు) ఆపి, పొద్దున డోసు వెయ్యకుండా తీసుకురమ్మన్నారు, అంటే దాదాపు 12 గంటలు మందు లేకుండా (వాళ్లు చెప్తేనే ఆపాం, మనంతట మనం ఆపకూడదు). ఆ పొద్దున నాన్న చొక్కా గుండీలు కూడా పెట్టుకోలేకపోయారు, నేనే పెట్టా, చాలా బాధేసింది.

బొటనవేలు చూపుడువేలు 10 సార్లు, వీలైనంత పెద్దగా, వేగంగా ఆనించమన్నారు. మొదటి మూడు నాలుగు బానే చేశారు, తర్వాత చిన్నగా అయిపోతూ మధ్యలో ఆగిపోయింది. వేగం ఒక్కటే కాదట, పోనుపోను చిన్నదైపోతోందా అనేది కూడా చూస్తారట. చేతులు కట్టుకుని కుర్చీలోంచి లేవడం, నడిచి వెనక్కి తిరగడం, అన్నిటికీ 0 నుంచి 4, ఎక్కువ వస్తే ఇబ్బంది ఎక్కువ అని. వెనక నిలబడి భుజాలు పట్టి గట్టిగా లాగే పరీక్ష ఒకటుంది, నా ప్రాణం పోయినంత పనైంది. పడబోతే పట్టుకోడానికి డాక్టర్ గారు సిద్ధంగానే ఉన్నారు, ఒకటి రెండు అడుగుల్లో నిలదొక్కుకుంటే మామూలే అంట, నాన్న నాలుగు వేశారు.

తర్వాత మాత్ర వేసి, గంట ఆగి మళ్లీ అవే. అదే మనిషేనా అనిపించింది!

ఆలోచన పరీక్ష మందు పనిచేస్తున్నప్పుడే పెట్టారు. దాని పేరు మోకా, మొత్తం 30 మార్కులు, 26 గానీ ఆ పైన గానీ అయితే మామూలు. 100 లోంచి ఏడేసి తీసేయమంటే 93, 86 దాకా టకటకా చెప్పి అక్కడ ఆగారు. గడియారం గీసి పదకొండూ పది చూపించమంటే నిమిషాల ముల్లు 2 మీద కాకుండా 10 మీద పెట్టారు. నాకు నోటిదాకా వచ్చింది కానీ పక్కవాళ్లు అందిస్తే పరీక్షకి అర్థమే లేదు, పెదవి కొరుక్కుని కూర్చున్నా.

నాకు బాగా గుర్తుండిపోయింది ఐదు మాటలది. ముందు ఐదు మాటలు చెప్పి గుర్తుపెట్టుకోమన్నారు, కాసేపయ్యాక అడిగితే రెండే చెప్పారు, కానీ ఏ రకం వస్తువో చిన్న ఆధారం ఇస్తే మిగతా మూడూ వచ్చేశాయి. అలా వచ్చినవాటికి మార్కులుండవు గానీ డాక్టర్ గారు దాన్నే పట్టుకుని చెప్పారు, మాటలు లోపల ఉన్నాయమ్మా, వెతికి బయటికి తేవడం దగ్గర కష్టమవుతోంది, ఈ జబ్బులో ఇలా తరచూ చూస్తాం అని.

మొత్తం 23 వచ్చింది. ఈ ఒక్క నంబర్‌తో డిమెన్షియా (మతిమరుపు జబ్బు) అనేయకూడదు, నిద్ర, దిగులు, మిగతా మందులు కూడా చూడాలి, ఆర్నెల్ల తర్వాత మాత్ర వేసిన ఇదే టైమ్‌కి మళ్లీ చేద్దాం అన్నారు. అందుకే వేసిన ప్రతి డోసు టైమ్ పుస్తకంలో రాస్తున్నా.

ఇదివరకు నాన్న మాట కోసం తడుముకుంటే వెంటనే అందించేసేదాన్ని. ఇప్పుడు ఆగుతున్నా. నిన్న గొడుగు అనడానికి చాలాసేపు పట్టింది, కానీ ఆయనే అన్నారు.