ముగ్గు చెరగలేదు

ఆదివారం, రాత్రి.

రేపు పొద్దున గడువు. 48 గంటల్లో ఒక్కణ్ణే గేమ్ చెయ్యాలని కూర్చున్నాను, కూర్చుని హత్య కథ ఎత్తుకున్నాను. 2002లో మొదలైన లూడమ్ డేర్ అనే గేమ్ తయారీ పోటీలో ఒంటరిగా చేసేవాళ్ళకి ఇదే షరతు. బొమ్మలూ సంగీతమూ కూడా ఆ గడువులోనే తయారవ్వాలి. ఆ షరతంటే నాకు చాలా ఇష్టం. చేతిలో టైమ్ ఉంటే మనిషి బొమ్మకి నీడలు దిద్దుతూ కూర్చుంటాడు. లేనప్పుడు ఏది ముఖ్యమో వెంటనే తేల్చుకోవాల్సి వస్తుంది.

గెంతే ఆట సగమే తయారైనా ఆడుకోవచ్చు. హత్య కథకి ఆ వీలు లేదు. చివరి ఆధారం పెట్టకపోతే మొదటి గదికి కూడా అర్థం ఉండదు. అందుకే వెనక నుంచి మొదలుపెట్టాను. ముందు హంతకుడు చెప్పే అబద్ధం రాసుకుని, తర్వాత ఆ అబద్ధాన్ని పట్టిచ్చే వస్తువేమిటో ఆలోచించాను. ఇల్లూ మనుషులూ దాని చుట్టూ వచ్చి చేరారు.

కోనసీమలో ఒక ఊరు, పెంకుటిల్లు. రైస్ మిల్లు యజమాని పొద్దున్నే పడక కుర్చీలో చనిపోయి ఉంటాడు. అనుమానించాల్సిన వాళ్ళు నలుగురు: మేనల్లుడు, వంటావిడ, గుమాస్తా, పాలవాడు. మేనల్లుడు "ఇప్పుడే కాకినాడ నుంచి వస్తున్నానండీ" అంటాడు. అతని స్కూటర్ లోపల వసారా పక్కన ఉంటుంది. గేటు ముందు, గేటంత వెడల్పున, వంటావిడ తెల్లవారుజామున పెట్టిన మెలికల ముగ్గు. ఎక్కడా గీత చెరగలేదు. నడిచి వచ్చేవాడైతే ముగ్గు తొక్కకుండా అడుగు చూసుకుని దాటి వస్తాడు, మన ఊళ్ళలో అందరం చేసేది అదే. పాలవాడు సైకిల్ వీధిలో ఆపి అలాగే లోపలికొస్తాడు. స్కూటర్‌కి ఆ వీలు లేదు. అంటే బండి ముగ్గు పెట్టక ముందే లోపలికి వచ్చింది.

ఆ ముగ్గు బొమ్మ గీయడానికి నిన్న మధ్యాహ్నం ఎక్కువసేపే పట్టింది. మిగతా ఇల్లంతా రంగు ముద్దలతో సరిపెట్టాను గానీ ముగ్గులో ప్రతి మెలికా విడిగా కనపడాలని పట్టుబట్టాను. చూసినవాడికి అది అలంకారంలా అనిపించాలి, తర్వాత గుర్తుకొచ్చినప్పుడు గుండె ఝల్లుమనాలి. దాని మీద క్లిక్ చేస్తే వచ్చే వాక్యం కూడా చిన్నదే. "వాకిట్లో ముగ్గు. ఎక్కడా చెరగలేదు." అంతకంటే ఒక్క మాట ఎక్కువ చెప్పినా నేనే నేరం తేల్చేసినట్టవుతుంది.

బొమ్మలోని వస్తువుల మీద క్లిక్ చేస్తూ ఆడే పాత పాయింట్ అండ్ క్లిక్ ఆటల్లో నాలుగు చుక్కలంత తాళంచెవి కోసం తెర మొత్తం గాలించాల్సి వచ్చేది. అది నాకు నచ్చదు. కళ్ళు చికిలించి వెతకడం డిటెక్టివ్ పని కాదు. అందుకే ఒక బటన్ నొక్కి పట్టుకుంటే క్లిక్ చెయ్యగల వస్తువులన్నిటి చుట్టూ గీత వచ్చేలా పెట్టాను. అన్నీ కనిపించనీ. వాటికి ఒకదానితో ఒకటి ఏం సంబంధమో మాత్రం ఆడేవాళ్ళే పట్టుకోవాలి.

అసలు చిక్కు నేరం మోపే తెర దగ్గర వచ్చింది. నలుగురి ఫొటోలు పెట్టి "ఎవరు?" అని అడిగితే ఏమీ ఆలోచించనివాడు కూడా వరసగా నొక్కుకుంటూ పోయి నాలుగోసారికి గెలుస్తాడు. ఈ ఇబ్బంది కొత్తది కాదు. 2018లో లూకస్ పోప్ చేసిన రిటర్న్ ఆఫ్ ది ఓబ్రా డిన్ అనే గేమ్‌లో ఓడలో ఉన్న 60 మందికీ ఏమైందో మనం రాయాలి. ముగ్గురివి సరిగ్గా రాస్తే తప్ప ఒప్పని చెప్పదు. ఒక్కరి విషయంలో గుడ్డిగా కొట్టి చూసే దారి అలా మూసేశాడు. ఎంత ఆలోచించి పెట్టాడో అని ఇవాళ మళ్ళీ అనిపించింది. నాకున్నది నలుగురే కాబట్టి ఆ పద్ధతి కుదరదు. నేను మనిషితో పాటు రెండు ఆధారాలు కూడా ఎంచుకోవాలన్నాను: అతను అబద్ధం చెప్పాడని చూపించేది ఒకటి, ఎందుకు చంపాడో చెప్పేది ఇంకొకటి. ఉన్న ఆధారాలు తొమ్మిది. తొమ్మిదిలో రెండు 36 రకాలుగా ఎంచుకోవచ్చు, నలుగురితో కలిపితే 144. ఇక ఊరికే నొక్కుకుంటూ పోయే ఓపిక ఎవరికీ ఉండదు. తప్పయితే గేమ్ "ఇది నిలబడదు" అని మాత్రమే అంటుంది. ఏది తప్పో చెప్పదు.

ఇదంతా తెలుగులో చేస్తున్నందుకు నాకు ప్రత్యేకమైన సంతోషం ఉంది. నేను గేమ్ చేస్తున్న సాఫ్ట్‌వేర్ గోడో. దాని పాత వెర్షన్లలో వత్తులు అతికేవి కావు, "హత్య" అని రాస్తే పొల్లు త పక్కన య విడిగా నిలబడేది. 2023లో వచ్చిన నాలుగో వెర్షన్ నుంచి మన అక్షరాలు సరిగ్గా వస్తున్నాయి. మాటలు ఒక్కొక్కటే టైప్ అవుతున్నట్టు చూపించేటప్పుడు మాత్రం మామూలు సెట్టింగ్‌లో ముందు పొల్లు కనపడి, మరుక్షణం అది వత్తుగా మారుతుంది. అక్షరాలు పూర్తిగా అతికిన తర్వాతే చూపించమనే సెట్టింగ్ ఇంకొకటి ఉంది. అది పెట్టాక వంటావిడ మాట్లాడుతుంటే నిజంగా తెలుగు మాట్లాడుతున్నట్టే ఉంది.

మధ్యాహ్నం పెద్దమ్మ భోజనానికి వచ్చింది. అద్దె పుస్తకాల షాపులో డిటెక్టివ్ నవలలన్నీ చదివేసిన మనిషి. తినగానే ల్యాప్‌టాప్ ముందు కూర్చోబెట్టాను. ముందు మందు సీసా, తర్వాత బీరువా, తర్వాత వాకిలి. ముగ్గు చూసి ముందుకెళ్ళిపోయింది. స్కూటర్ దగ్గర ఆగింది. మళ్ళీ వెనక్కి ముగ్గు దగ్గరికి వచ్చింది.

"ఒరే, ఈ బండి లోపలికెప్పుడొచ్చిందిరా?"

నేను పలకలేదు. తనే వంటావిడ దగ్గరికి వెళ్ళి ముగ్గు ఎన్నింటికి పెట్టావని అడిగింది. జవాబు చదివి, "రాత్రే వచ్చి కూర్చున్నాడన్నమాట వెధవ!" అంది. నాకు లేచి గంతేయాలనిపించింది.

కారణం దగ్గర మాత్రం మందు సీసా పెట్టింది. ఇది నిలబడదంది గేమ్. "చెప్పకురా, నేనే చూస్తాను" అని కాఫీ తాగొచ్చి, మళ్ళీ బీరువా తెరిచి, చిరిగిన ప్రోనోటు పెట్టింది. నిలబడింది. 1983లో జపాన్‌లో యూజీ హోరీ చేసిన పోర్టోపియా హత్యల ఆటలో ఆడేవాళ్ళు ఆజ్ఞలు టైప్ చెయ్యాల్సి వచ్చేది. 1985లో నింటెండో వాళ్ళ గేమ్ యంత్రం ఫామికామ్‌కి వచ్చేసరికి ఆజ్ఞలు మెనూలోకి చేరాయి, బొమ్మ మీద భూతద్దం కదిపి వెతికే వీలు వచ్చింది. గేమ్ అంటేనే తెలియని పెద్దమ్మ ఇవాళ నా సాయం లేకుండా దర్యాప్తు ముగించిందంటే, ఆ వీలు ఎంత గొప్పదో అర్థమవుతోంది.

సాయంత్రం చెరువు గట్టు గది తీసేశాను. బొమ్మ బాగానే వచ్చింది కానీ, అక్కడ దొరికే విషయం పాలవాడు ఒక్క మాటలో చెప్పగలడు. సంగీతం ఇక చెయ్యను, కొబ్బరాకుల గాలి, కాకులు, దూరంగా మిల్లు మోత చాలు. ఫోన్‌లో రికార్డు చేసినవి ఉన్నాయి.

మిగిలింది గుమాస్తా. ప్రోనోటు సంగతి అతను మొదటి ప్రశ్నకే చెప్పేస్తే ముగ్గు చూడకుండానే అందరూ మేనల్లుణ్ణి అనుమానిస్తారు. స్కూటర్ గురించి అడిగిన తర్వాతే అతను నోరు విప్పాలి. అప్పుడు భయపడటానికి అతనికీ కారణం ఉంటుంది: మేనల్లుడు రాత్రి వచ్చాడని అతనికి ముందే తెలుసు. ఆ నాలుగు మాటలు రాసి, బ్రౌజర్‌లో ఒకసారి ఆడి చూసి పంపించేస్తాను.