వార్తల టెన్షన్ నుంచి బయటపడ్డాను

ఇప్పుడు రాత్రి పడుకుంటే పొద్దున పాలవాడు పిలిస్తే గానీ మెలకువ రావడం లేదు. మొన్నటిదాకా ఈ భాగ్యం లేదు నాకు.

మేముండేది తిరుపతి కొర్లగుంటలో. ఇంట్లోనే జాకెట్లు కుడతాను. తమ్ముడు కువైట్‌లో డ్రైవర్. 2025 ఎలా మొదలైందో మా ఊరివాళ్ళకి చెప్పక్కర్లేదు. జనవరి 8న వైకుంఠ ద్వార దర్శనం టోకెన్ల దగ్గర తొక్కిసలాటలో ఆరుగురు పోయారు. ఏప్రిల్‌లో పహల్గామ్ ఉగ్రదాడి, జూన్ 12న అహ్మదాబాద్‌లో విమానం కూలడం, ఆ మర్నాడే ఇరాన్ మీద ఇజ్రాయెల్ దాడులు. జూన్ 23 రాత్రి ఖతార్‌లోని అమెరికా స్థావరం మీద ఇరాన్ మిసైళ్ళు వేసిందనీ, కువైట్ కూడా విమానాలు ఆపేసిందనీ టీవీలో చూసి తమ్ముడికి ఫోన్ చేశాను. "ఇక్కడేం లేదక్కా, అన్నం తింటా ఉండా. నువ్వు పడుకో" అన్నాడు. వాడు హాయిగా పడుకున్నాడు. నేను తెల్లారేదాకా ఫోన్ చూస్తూ కూర్చున్నాను. మర్నాడు కాల్పుల విరమణ అన్నారు, అయినా దడ తగ్గలేదు.

ముందు న్యూస్ యాప్‌లు తీసేశాను, రెండు నిమిషాల పని. బంధువుల వాట్సాప్ గ్రూప్ మ్యూట్ చేస్తే ఎవరికీ తెలియను కూడా తెలియదు.

ఇంతలో మా ఆయన డాక్టరుకు చూపించుకోమన్నాడు. ఊళ్ళోనే ఒక క్లినిక్. టోకెన్ తీసుకుని రెండు గంటలు బెంచీ మీద కూర్చున్నాక పిలిచారు. తలుపు వేయలేదు. "నిద్ర పట్టడం లేదు సార్, వార్తలు చూస్తే గుండె దడ" అన్నాను. ఏ వార్తలన్నాడు. యుద్ధం అన్నాను. అంతే, కాంపౌండర్‌ని గట్టిగా పిలిచి, "ఏమయ్యా, ట్రంప్‌కి ఫోన్ కొట్టు, కొర్లగుంటలో ఈమెకి నిద్ర పట్టడం లేదంట!" బెంచీ మీదివాళ్ళంతా నవ్వారు. వాళ్ళలో నా దగ్గర జాకెట్లు కుట్టించుకునే ఆమె ఒకామె, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని మరీ నవ్వింది. "ఇంట్లో పనీపాటా లేదా అమ్మా?" అన్నాడు చివర్లో. పొద్దున ఎనిమిదికి మిషన్ మీద కూర్చుంటే రాత్రికి నడుం నిలవదు నాకు. పనీపాటా లేదంట! బీపీ కూడా చూడలేదు. రక్తపరీక్షల చీటీ మాత్రం బారెడు రాశాడు. గట్టి జవాబు తోచింది గానీ, అది ఆటో ఎక్కాక. ఆ కొంగు అడ్డం పెట్టుకున్నామె పెళ్ళికని అర్జెంటు జాకెట్ తెచ్చింది, పది రోజులు పడుతుందని చెప్పి పంపించాను.

నా మాట విని అలాంటి చోటికి డబ్బు పోయకండి. 14416కి ఫోన్ చేయండి. టెలి మానస్ అని, గవర్నమెంటుది, ఉచితం, రాత్రయినా ఎత్తుతారు, తెలుగులోనే మాట్లాడతారు. నాతో మాట్లాడిన అమ్మాయి నవ్వలేదు. ఫోన్ ఎక్కడ పెట్టుకుని పడుకుంటారని అడిగింది. దిండు కింద అన్నాను. వంటింట్లో పెట్టమంది. పెట్టాను.

అయితే నా మనసు నిజంగా కుదుటపడింది మా పెద్దమ్మ కొడుకు ప్యాంటు దగ్గర. అన్నకి చిన్నప్పుడే పోలియో. ఏ ప్యాంటు కొన్నా ఎడమ కాలు మడిచి కుట్టేది నేనే. మొన్న కుడుతుంటే తట్టింది, ఈ పని అన్నకి తప్ప ఇంకెవరికీ చేయడం లేదే అని. ఎందుకు చేస్తాను? మన దేశంలో సహజంగా వ్యాపించే పోలియో వైరస్‌తో వచ్చిన ఆఖరి కేసు 2011 జనవరిలో, హౌరా దగ్గర ఒక పాపకి. 2014లో పోలియో లేదని సర్టిఫికెట్ కూడా ఇచ్చారు. "ఈరోజు కూడా ఏ పిల్లాడికీ పోలియో రాలేదు" అని ఏ టీవీవాడైనా బ్రేకింగ్ వేస్తాడా? ఇల్లిల్లూ తిరిగి చుక్కలు వేసిన అంగన్‌వాడీ అమ్మల్ని ఎవడు చూపించాడు?

అప్పటి నుంచి రాత్రి దేవుడి పటం ముందు నిలబడితే కోరికల చిట్టా విప్పడం మానేశాను. ఆ రోజు ఎవరెవరు నాకు ఏం చేశారో చెప్పుకుంటున్నాను. కరెంటు పోలేదు. బాకీ ఉన్నామె అడక్కుండానే డబ్బిచ్చింది. తమ్ముడు ఫోన్ ఎత్తాడు. ఒక్కోరోజు చెప్పడానికి ఏమీ తట్టదు, దండం పెట్టి పడుకుంటాను.

మా మామయ్యని మాత్రం మార్చలేకపోయాను. రాత్రి టీవీ డిబేట్ లేకపోతే ఆయనకి అన్నం దిగదు. హెడ్‌ఫోన్స్ కొనిచ్చాను. ఇప్పుడు అందులో ఎవడు ఎవణ్ణి తిడుతున్నాడో ఆయనకొక్కడికే వినపడుతుంది.