ఏసీఎల్ ఆపరేషన్: ఏ టెండన్ తీయించుకోవాలి? నా అనుభవం

సంక్రాంతి కబడ్డీలో కూతకి వెళ్లి వెనక్కి తిరుగుతుంటే కుడి పాదం మట్టిలో పాతుకుపోయింది. ఒళ్లు తిరిగింది, పాదం తిరగలేదు. మోకాల్లో టప్‌మంది. రెండు గంటల్లో బాగా వాచిపోయింది. ఎక్స్‌రేలో ఎముకలు బాగానే ఉన్నాయన్నారు, బెణుకేనని కట్టు కట్టించుకున్నాను. ఎముక విరగకపోతే ఏమీ కానట్టే అనుకోవడం మా తప్పు. మార్చిలో రొయ్యల చెరువు గట్టు మీద మేత బస్తాతో నడుస్తుంటే మోకాలు పక్కకి జారి కూలబడ్డాను. భీమవరంలో ఎంఆర్‌ఐ తీయిస్తే ఏసీఎల్, అంటే మోకాలి లోపల తొడ ఎముకనీ కాలి ఎముకనీ పట్టి ఉంచే లిగమెంట్, పూర్తిగా తెగిందని తేలింది. ఆపరేషన్ చేసి, దాని స్థానంలో ఇంకోచోట నుంచి తీసిన టెండన్ వేయాలన్నారు.

ఎముకని ఎముకకి కట్టే లిగమెంట్‌నైనా, కండని ఎముకకి కట్టే టెండన్‌నైనా మా ఊళ్లో నరమే అంటారు. "తెగిన నరం కోసం మంచి నరం కోస్తారా?" అని అమ్మ ఏడ్చింది. నా భయమూ అదే.

డాక్టరు గారు ముందు నా పని గురించి అడిగారు. మోకాలి చిప్ప కింది టెండన్‌ని రెండు చివర్లా చిన్న ఎముక ముక్కలతో తీస్తారట. ఎముకకి ఎముక త్వరగా అతుక్కుంటుంది కాబట్టి ఆటగాళ్లకి ఎక్కువగా అదే వేస్తారు. కానీ తర్వాత మోకాళ్ల మీద ఆనితే నొప్పి ఉండొచ్చు. మా ఇంట్లో రాత్రి ప్రార్థన మోకాళ్ల మీదే. చెరువు నీటికి గాలి అందించే ఏరేటర్ బాగుచేయాలన్నా మోకాళ్లు ఆనించాల్సిందే. ఆ మాట వినగానే అది వద్దనుకున్నాను.

చీలమండ పక్కనుంచి కూడా తీయొచ్చు, నడకకి సాధారణంగా ఇబ్బంది ఉండదని చెప్పారు. అయినా జారే గట్ల మీద బతికేవాణ్ని, చీలమండ జోలికి వెళ్లడానికి నాకు మనసొప్పలేదు. దాతల టెండన్ నా వయసువాళ్లలో మళ్లీ తెగే అవకాశం ఎక్కువట.

మిగిలింది తొడ వెనక హామ్‌స్ట్రింగ్ కండల టెండన్. కాలు వెనక్కి మడిచే బలం కొంత తగ్గుతుంది, వ్యాయామంతో చాలావరకు తిరిగొస్తుంది. అసలు చిక్కు మందం. 8 మిల్లీమీటర్ల కన్నా సన్నగా వస్తే తెగే ప్రమాదం పెరుగుతుంది, అదేమో కోసి చూస్తేగానీ కచ్చితంగా తెలియదు. అందుకే సన్నగా వస్తే ఇంకెక్కడ నుంచి తీసుకోవాలో ముందే మాట్లాడుకుని, ఒప్పుకుంటూ సంతకం పెట్టాను. ఆపరేషన్‌కి వెళ్లేవాళ్లు ఈ ఒక్క ప్రశ్న మాత్రం తప్పకుండా అడగండి.

ఏప్రిల్‌లో నడుముకి మత్తు ఇచ్చి చేశారు. మెలకువగానే ఉన్నాను. మధ్యలో "ఎనిమిదిన్నర" అని వినిపించింది. ఆ క్షణంలో నాకెంత ధైర్యం వచ్చిందో చెప్పలేను.

రెండో నెల దాటాక మోకాలు అంతా బాగైపోయినట్టే అనిపించింది. చెరువుకి వెళ్తానంటే ఫిజియో గారు గట్టిగా ఆపారు. ఒంటికి ఇంకా పూర్తిగా పట్టని టెండన్ ఆ రోజుల్లోనే బాగా బలహీనంగా ఉంటుందట. ఆ మాట విన్నాను.

క్రిస్మస్ ఆరాధనలో అమ్మ పక్కన మోకరించాను. నొప్పి లేదు. కోత పక్కన చర్మం మాత్రం ఇంకా తిమ్మిరిగానే ఉంది. ఈ సంక్రాంతికి కబడ్డీ ఆడటం లేదు.