గుంతకు కొలత, స్టాప్‌కు నిమిషం

మహబూబ్‌నగర్, నారాయణపేట దిక్కు మట్టిపని తెలిసినోళ్లకు కొలత మీద కూలి కొత్త కాదు. మెత్తటి మట్టికి ఒక రేటు, గట్టి మొరానికి ఇంకో రేటు. తట్ట ఎత్తుకుని ఎంత దూరం నడవాలన్నది కూడా లెక్కలో ఉండాలి. ఉపాధి హామీ పనుల్లో తెలంగాణలో ఫిబ్రవరికి 20 శాతం, మార్చికి 25, ఏప్రిల్, మే నెలలకు 30, జూన్‌కు 20 శాతం వేసవి భత్యం కలిపేవారు. ఎండలో గడ్డపార కదలడం కష్టమని లెక్క కట్టినవాళ్లు ఒప్పుకున్నారన్నమాట. దేవరకొండ నుంచో అచ్చంపేట నుంచో గల్ఫ్‌కు, అమెరికాకు వెళ్లి పార్శిల్ వ్యాన్ ఎక్కినవాళ్లకు ఇదే లెక్క నిమిషాల్లో ఎదురవుతుంది. ఆ కొలిచే టేపు మాత్రం కంటికి కనబడదు.

దాని పేరు టైమ్ స్టడీ, అంటే ఒక పనికి ఎంత టైమ్ పట్టాలో గడియారం పెట్టి కొలవడం. 1880లలో అమెరికాలో ఫ్రెడరిక్ టేలర్ ఉక్కు కార్ఖానాలో స్టాప్‌వాచ్‌తో మొదలుపెట్టిన పద్ధతి. డెలివరీ పనిలో అయితే స్టడీ చేసే మనిషి పక్క సీట్లో కూర్చుని ఒక్కో స్టాప్‌ను, అంటే పార్శిల్ ఇవ్వడానికి బండి ఆపే ఒక్కో చోటి పనిని ముక్కలు చేసి టైమ్ రాసుకుంటాడు. బండి ఆపడం, బెల్టు తీయడం, షెల్ఫ్‌లో పార్శిల్ వెతకడం, గుమ్మం దాకా నడక, బెల్లు కొట్టి ఆగడం, స్కాన్, ఫోటో లేదా సంతకం, వెనక్కి రావడం, బెల్టు పెట్టి కదలడం. నడకను దూరంతో, మెట్లను అంతస్తులతో, డ్రైవింగ్‌ను కిలోమీటర్లతో విడివిడిగా లెక్కగట్టాలి. అన్నీ ఒకే సగటులో కలిపేస్తే ఆ సగటు ఏ వీధికీ సరిపోదు.

అసలు కీలకం రేటింగ్ దగ్గర ఉంది. డ్రైవర్ మామూలు వేగంతో చేస్తే 100, ఉరుకులు పరుగుల మీద చేస్తే 120, నిదానంగా చేస్తే 80 అని చూసే మనిషి అంచనా వేసి రాస్తాడు. అమెరికా లెక్కలో మామూలు వేగానికి పోలిక గంటకు 3 మైళ్ల నడక, అంటే 4.8 కిలోమీటర్లు. ఒక స్టాప్‌కు సగటున 2.5 నిమిషాలు పట్టిందనుకోండి. రేటింగ్ 120 అయితే మామూలు వేగానికి అది 3 నిమిషాల పని, దాని మీద అలసటకు, సొంత అవసరాలకు వదిలే టైమ్, అంటే అలవెన్స్, 15 శాతం కలిపితే 3.45 నిమిషాలు. అదే పరుగును చూసి 100 అని రాస్తే 2.88 దగ్గరే ఆగిపోతుంది. తేడా అర నిమిషం పైచిలుకు. రోజుకు 120 స్టాప్‌లు ఉంటే 69 నిమిషాలు డ్రైవర్ నెత్తిన పడతాయి. స్టడీ రోజు సారు మెప్పు కోసం పరుగెత్తొద్దని గట్టిగా చెప్పేది ఇందుకే. ఆ పరుగు రేపటి నుంచి పక్కవాడికీ కొలతైపోతుంది.

అలవెన్స్ అంటే దయ కాదు, లెక్కలో భాగం. నీళ్లు, మూత్రం లాంటి సొంత అవసరాలకు 5 శాతం, మామూలు అలసటకు 4 శాతం అన్నది మగవాళ్లకు ఎక్కువగా వాడే మొదటి అంకె. బరువు, వేడి, వంగి చేసే పని ఉంటే దాని మీద ఇంకా కలపాలి. యూఏఈలో జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం 12:30 నుంచి 3 వరకు ఎండలో ఆరుబయట పని నిషేధం. జనవరిలో తీసిన అలసట శాతాన్ని అక్కడ జూలైలోనూ వాడితే అది తప్పు లెక్కే.

తప్పులు ఇంకా చాలా చోట్ల దూరతాయి. విల్లాల వీధిలో స్టడీ చేసి టవర్లకు వర్తింపజేస్తే లిఫ్ట్ కోసం ఆగడం, సెక్యూరిటీ దగ్గర పేరు రాయడం లెక్కలోకి రావు. పార్శిళ్లను స్టాప్‌ల వరుసలో ఎక్కించని రోజు వెతుకులాటకే టైమ్ పోతుంది. అది గోదాం తప్పు, డ్రైవర్‌ది కాదు. క్యాష్ డెలివరీ అయితే చిల్లర లెక్కపెట్టాలి. దుబాయ్‌లో గుమ్మం ఎక్కడుందో చూపే 10 అంకెల మకానీ నంబర్ ఇచ్చిన కస్టమర్ గుమ్మం నేరుగా దొరుకుతుంది. ఫలానా మసీదు వెనక అన్నవాళ్లకు ఫోన్ చేయక తప్పదు. బండిలోని సెన్సార్లు తలుపు ఎప్పుడు తెరిచారో, బెల్టు ఎప్పుడు పెట్టారో చెప్తాయి గానీ ఎందుకు ఆలస్యమైందో చెప్పవు. పార్శిల్‌కు ఇంత అని గుత్త లెక్కన ఇచ్చే చోట ఇంకా కష్టం. ఆగిన టైమ్‌కు పైసా రాదు.

అందుకే ఆలస్యమైన చోటే స్కానర్‌లో కారణం నొక్కండి. సాయంత్రం గుర్తుచేసుకుని చెప్తే ఎవరూ వినరు. జేబులో చిన్న నోట్‌బుక్ పెట్టుకుని తారీఖు, రూట్, స్టాప్‌లు, పార్శిళ్లు, కిలోమీటర్లు, ఆగిన నిమిషాలు, కారణం రాయండి. మధ్యాహ్నం భోజనం మానేసి గంట ముందు ముగించొద్దు. బెల్టు, హ్యాండ్‌బ్రేక్, తాళం వదిలేసి మిగిల్చిన సెకన్లు కూడా కొలతలోకే పోతాయి. సూపర్‌వైజర్‌ను మర్యాదగానే మూడు అడగండి: స్టడీ ఏ నెలలో, ఏ రూట్‌లో చేశారు? రేటింగ్ ఎంత రాశారు? అలవెన్స్ ఎంత కలిపారు? బండి, స్కానర్, రూట్, పార్శిళ్ల సైజు మారితే స్టాప్‌కు ఇన్ని నిమిషాలన్న పాత స్టాండర్డ్ చెల్లదు, మళ్లీ స్టడీ చేయాలి. ఆ మాట అడిగేటప్పుడు నోట్‌బుక్‌లోని రెండు వారాల లెక్క ముందు పెట్టండి.