మాన్లిషర్ 95 తూటాలు: రిమ్ అరగదీసిన నెల

నా పాత మాన్లిషర్ రైఫిల్‌కి సరిపడేలా వేరే తూటాల ఖాళీ కేసుల్ని (మందు, గుండు పట్టే గొట్టాల్ని) మలుచుకుంటున్నాను. ఈసారి పని అంతా రిమ్ మీదే, అంటే కేసు అడుగున బయటికి పొడుచుకొచ్చే అంచు మీదే. అయితే ముందు రైఫిల్ గురించి నాలుగు మాటలు చెప్పాలి, లేకపోతే మిగతాది అర్థం కాదు.

నా దగ్గరున్నది స్టైర్‌లో తయారైన 1895 మోడల్ మాన్లిషర్, పొడుగు రకం. బ్యారెల్ మొదట్లో డబ్ల్యూఎన్ అక్షరాలు, డేగ గుర్తు, 98 అంకె ఉన్నాయి. వియన్నా తనిఖీలో ఆ ఏడాది పాసైందన్నమాట. 1898 దాకా తయారైన తుపాకీ ఇక్కడ అమెరికా కేంద్ర చట్టం లెక్కలో యాంటిక్ కిందికి వస్తుంది. 1930ల్లో ఆస్ట్రియా, హంగరీ వీటిలో చాలావాటిని 8×56 ఆర్ తూటాకి (8 మి.మీ. గుండు, 56 మి.మీ. కేసు, ఆర్ అంటే రిమ్ ఉన్నది) మార్చి, ఆస్ట్రియా ఎస్ అని, హంగరీ హెచ్ అని ముద్ర కొట్టాయి. నాదానికి ఏ ముద్రా లేదు. ముద్ర లేనంత మాత్రాన సరిపోదు కాబట్టి సెర్రోసేఫ్ కరిగించి ఛాంబర్‌లో, అంటే తూటా కూర్చునే గదిలో, పోసి అచ్చు తీశాను. వేడినీళ్లలోనే కరిగే లోహం అది. కొలిస్తే అసలు సిసలు 8×50 ఆర్.

ఈ తూటాకీ మన దేశానికీ సంబంధం ఉంది. బ్రిటిష్ కాలంలో సైన్యం వాడే .303ని మామూలు జనానికి ఇచ్చేవాళ్లు కాదు. వేటగాళ్లకి ఈ 8 మి.మీ. మాన్లిషర్ తూటా దొరికేది. ఇషాపూర్ ఫ్యాక్టరీ లైసెన్సుదారుల కోసం చేసే .315 రైఫిల్లో పడేది ఇదే. పేపర్లో "315 బోర్" అని చదివే ఉంటారు. అది చూసి ఇండియాలో ఎవరూ ఇంట్లో ఈ పని మొదలుపెట్టకండి. లైసెన్సు లేకుండా తూటా తయారుచేయడం 1959 ఆయుధాల చట్టం కింద నేరం.

ఇక ఖాళీ కేసులు. పాత సరుకులో తేలిగ్గా దొరికేది 1938 నాటి 8×56 ఆర్, అడుగున డేగ, స్వస్తిక ఉన్న రకం. కాగితం ప్యాకెట్‌లో రెండు క్లిప్పులు (ఐదేసి తూటాల్ని కలిపి పట్టే రేకులు), పది తూటాలు. ఆస్ట్రియాని జర్మనీ కలిపేసుకున్న ఏడాది సరుకు. వాటిని తిరిగి నింపాలని ఆశపడకండి. బెర్డాన్ రకం ప్రైమర్ (మందుని అంటించే చిన్న మూత) కాబట్టి లోపల రెండు సన్న రంధ్రాలుంటాయి, మామూలు డైలో (కేసుని నొక్కి ఆకారం తెచ్చే మూసలో) ఉండే పిన్నుతో పాత ప్రైమర్ ఊడదు. పైగా ఆ ప్రైమర్ మసిలో ఉప్పు ఉంటుంది. పేల్చిన రోజే వేడినీళ్లతో బ్యారెల్ కడక్కపోతే తుప్పే. నేను ప్యాకెట్ విప్పకుండా షెల్ఫ్‌లో పెట్టుకున్నాను, చూసుకోవడానికి బాగుంటాయి.

కొత్త 8×56 ఆర్ ఇత్తడి కేసుని కురచ చేసి 8×50 చేయడం అన్నిటికన్నా సుఖం. అడుగు, రిమ్ రెండూ సరిపోతాయి. కానీ అది అన్నివేళలా షాపులో ఉండదు, ఉన్నప్పుడు ధర చూస్తే గుండె ఆగుతుంది. అందుకే రష్యన్ 7.62×54 ఆర్ దారి పట్టాను. బాక్సర్ ప్రైమర్ (ఒకే రంధ్రం, పిన్నుతో ఊడే రకం) ఉన్న ఇత్తడివే ఏరుకోవాలి, ఇనుపవి వద్దు.

పని వరస ఇలా సాగింది. కేసు మెడని, అంటే గుండు కూర్చునే కొసని, మంటకి చూపించి మెత్తబరిచాను. అడుగు భాగం నీళ్లలో ఉండాలి, అక్కడ మెత్తబడితే ప్రమాదం. తర్వాత ఏటవాలు ఎక్స్‌పాండర్‌తో మెడని 7.62 నుంచి 8కి తెరిచి, జిడ్డు రాసి 8×50 డైలో నొక్కాను. 53.7 మి.మీ. పొడవుని 50 చిల్లరకి కోసి అంచులు నున్నగా చేశాను. ఇక్కడిదాకా ఎవరైనా చేస్తారు.

అసలు కథ క్లిప్ దగ్గర మొదలవుతుంది. ఈ రైఫిల్ మ్యాగజైన్‌కి క్లిప్ లేకపోతే దిక్కు లేదు. ఐదు తూటాలూ క్లిప్‌తో సహా లోపలికి వెళ్తాయి, ఆఖరిది ఛాంబర్‌లోకి ఎక్కాక ఖాళీ క్లిప్ అడుగు నుంచి రాలిపోతుంది. క్లిప్ పెదవులు రిమ్‌లని పట్టుకునే తీరు చాలా బిగువు. రష్యన్ రిమ్ సుమారు 14.4 మి.మీ., ఆస్ట్రియన్‌ది 14 పైన కాస్త. తేడా అర మిల్లీమీటరు కూడా లేదు. అయినా నాలుగు దూరాక ఐదోది మొండికేస్తుంది. బలవంతంగా తోస్తే దూరుతుంది గానీ, కింద ఉన్న స్ప్రింగు వాటిని పైకి నెట్టలేదు. బోల్టు ముందుకి తోస్తే ఖాళీగా పోతుంది.

కాబట్టి చిన్న లేత్ మీద ఒక్కో కేసు రిమ్‌ని 14.05కి తిప్పాను. విసుగు పని. మొత్తం తిప్పాక కొలవడం కన్నా, ప్రతి కేసునీ అసలు క్లిప్‌లో జార్చి చూడటమే నమ్మకం. క్యాలిపర్ ఒప్పుకున్నది క్లిప్ ఒప్పుకోకపోవచ్చు. క్లిప్పుల్లోనూ ఒకటి వదులు, ఒకటి బిగువు. నేను అన్నిటికన్నా బిగువైనదాన్నే గేజ్‌గా పెట్టుకున్నాను.

రష్యన్ కేసు అడుగు 12.37, ఆస్ట్రియన్‌ది 12.5 దగ్గర. మొదటిసారి పేలినప్పుడు ఆ ఖాళీని నింపుతూ కొంచెం ఉబ్బుతుంది. అందుకే మొదటి విడత తక్కువ తుపాకీమందుతో, సీసం గుండుతో పేల్చాలి. బ్యారెల్‌లోంచి మెత్తని సీసం ముద్ద తోసి కొలిచి, దానికన్నా వెంట్రుకవాసి లావు గుండు పోతపోశాను. మెడలో గుండు పెట్టాక ఛాంబర్‌లో వదులు మిగిలిందా అని అచ్చుతో సరిచూడాలి, మిగలకపోతే ప్రెషర్ పెరుగుతుంది. మందు ఎంత వేశానో ఇక్కడ రాయను. అడిగినా చెప్పను. మీ బ్యారెల్ వేరు, నా బ్యారెల్ వేరు, అచ్చయిన మాన్యువల్ చూసి కింది అంకె నుంచి మొదలుపెట్టండి.

శనివారం రేంజ్‌లో క్లిప్పులన్నీ సాఫీగా ఎక్కాయి, సాఫీగా రాలాయి. ఒక్క కేసు మెడ మాత్రం పగిలింది, అది నేను మంట చూపించని పాత కేసు. యాభై గజాల దగ్గర గుళ్లన్నీ గురికి బాగా కిందికి తగిలాయి, సైట్ అసలు తూటా వేగానికి గీసింది కాబట్టి అది మామూలే. గుళ్లు పడ్డ చోట్లు మాత్రం ఒకదానికొకటి దగ్గరగానే ఉన్నాయి.

వచ్చే విడతకి గట్టి సీసం, రాగి గ్యాస్ చెక్‌తో (గుండు అడుగుకి తొడిగే చిన్న రేకు మూతతో) గుళ్లు పోయాలి. బిగువు క్లిప్పు మీదున్న ముద్ర ఏ ఫ్యాక్టరీదో కూడా తేల్చాలి, తుప్పు కింద సగమే కనిపిస్తోంది.